చిన్న జబ్బుకు మందిచ్చే చేతికి ఏ చదువు ఉండాలి?



మన పేజీలో ఎక్కువగా పోడు పట్టాల గురించి, పీసా గురించి, జీవో 3 గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మాత్రల గురించి మాట్లాడదాం. ఇది కూడా హక్కుల సంగతే. చివరిదాకా చదివితే ఎందుకో అర్థమవుతుంది.

ముందు ఒక ప్రశ్న. మీ గూడెంలో ఎవరికైనా జ్వరమొస్తే మొదటి మాత్ర ఎవరి చేతి నుంచి వస్తోంది? ఆశా అక్క నుంచా, సంతలో కిరాణా కొట్టు నుంచా, బండి మీద సంచితో తిరిగే ఆర్‌ఎంపీ నుంచా, మండల కేంద్రంలో మెడికల్ షాపు కుర్రోడి నుంచా, పీహెచ్‌సీలో డాక్టర్ లేని రోజు కౌంటర్ దగ్గరుండే ఫార్మసిస్టు నుంచా? "డాక్టర్" అని జవాబు చెప్పగలిగేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు?

చట్టాన్ని అడిగితే అది వేరే కథ చెబుతుంది. మన దేశంలో మందు రాసే అధికారం రిజిస్టర్ అయిన డాక్టర్‌కే ఉంది. ఫార్మసిస్టు చీటీ చూసి మందు ఇవ్వాలి, ఎలా వాడాలో చెప్పాలి. షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందులు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కూడా అమల్లోకి వచ్చింది. బలమైన యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు ఎవరికి ఇచ్చారో షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి, మూడేళ్లు దాచిపెట్టాలి. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. మన సంతలో మాత్రం యాంటీబయాటిక్ మాత్రలు రెండు, మూడు చొప్పున కత్తిరించి, పేరు కూడా కనపడకుండా కాగితంలో చుట్టి ఇస్తారు.

అంటే మన దగ్గర డాక్టర్ కాని మనిషి మందివ్వాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో అయిపోయింది. ఇస్తూనే ఉన్నారు. మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆ ఇచ్చే మనిషికి ఏ శిక్షణ ఉండాలి? అది ఎవరు ఇవ్వాలి? తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి?

బయట దేశాల్లో ఎలా చేస్తున్నారు

కొన్ని దేశాలు ఈ పనిని చాటుమాటుగా కాకుండా చట్టబద్ధంగా చేస్తున్నాయి. కెనడాలోని అల్బర్టా రాష్ట్రం 2007లోనే ఫార్మసిస్టులకు మందు రాసే అధికారం ఇవ్వడం మొదలుపెట్టింది. అదే దేశంలో ఒంటారియో రాష్ట్రం 2023 జనవరి 1 నుంచి 13 చిన్న జబ్బులకు మందు రాయొచ్చని చెప్పింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకో ఆరు చేర్చి 19 చేసింది. కండ్లకలక, పురుగు కాటు, నోటిపూత, చర్మం దురద, ఆడవాళ్లకు వచ్చే మామూలు మూత్రపు మంట లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న "ఫార్మసీ ఫస్ట్" పేరుతో ఏడు జబ్బులకు ఈ సేవ మొదలైంది. గొంతు నొప్పి, చెవిపోటు, సైనస్, చీము పట్టిన పురుగు కాటు, పిల్లలకొచ్చే చీము పొక్కులు, సర్పి, మూత్రపు మంట. ఇందులో కూడా హద్దులు గీశారు. మూత్రపు మంటకు 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకే ఇవ్వొచ్చు. చెవిపోటు చూడాలంటే చెవిలోకి లైటు వేసి చూసే పరికరం వాడటం ఫార్మసిస్టుకు వచ్చి ఉండాలి. ఈ గీత దాటితే డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.

మనం గమనించాల్సింది ఇక్కడుంది. అక్కడి ఫార్మసిస్టులు ఏళ్ల తరబడి డిగ్రీ చదివి వచ్చినవాళ్లు. అయినా "మీకు మందుల గురించి తెలుసు కదా, ఇక రాసెయ్యండి" అని వదిలేయలేదు. ఒంటారియోలో మందు రాయడం మొదలుపెట్టే ముందు ప్రత్యేకమైన పాఠం పూర్తి చేయడం తప్పనిసరి చేశారు. రాసిన సంగతి రోగి డాక్టర్‌కు తెలియజేయాలి. ఇంగ్లండ్ తన ఫార్మసీ చదువునే మార్చి, 2026 నుంచి కొత్తగా బయటికొచ్చేవాళ్లు మందు రాసే అర్హతతోనే వచ్చేలా చేసింది.

డబ్బు విషయం కూడా చూడండి. రెండు చోట్లా ప్రభుత్వం ఫార్మసిస్టుకు ఫీజు ఇచ్చేది రోగిని చూసినందుకు. మందు ఇచ్చినా అదే ఫీజు, "నీకు మందు అక్కర్లేదు, ఇంటికి పో" అన్నా అదే ఫీజు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన చదువులో ఏముంది

మన దగ్గర ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావడానికి కనీస అర్హత డీ.ఫార్మసీ. రెండేళ్ల చదువు, ఆ తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. 2020లో వచ్చిన కొత్త రెగ్యులేషన్ల ప్రకారం సిలబస్ మార్చారు. కమ్యూనిటీ ఫార్మసీ పేపర్‌లో దగ్గు, జలుబు, విరేచనాలు, జ్వరం లాంటి చిన్న జబ్బులతో వచ్చే మనిషికి ఏం చెప్పాలో ఒక భాగం పెట్టారు. మంచిదే. కానీ అది పుస్తకంలో ఒక భాగం. 500 గంటల ట్రైనింగ్ సంగతి డీ.ఫార్మసీ చేసిన మన తమ్ముళ్లను అడగండి. సంతకం కోసం షాపు చుట్టూ తిరిగినవాళ్లు ఎందరో, నిజంగా రోగి ముందు నిలబడి నేర్చుకున్నవాళ్లు ఎందరో వాళ్లే చెబుతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఒకటుంది. వెయ్యి మందికి మించని జనాభా ఉన్న ఊళ్లో పారాసిటమాల్, ఆస్పిరిన్, గ్యాస్ మాత్రలు, నొప్పి బామ్‌లు, దగ్గు మందుల లాంటి ఇంటి మందులు అమ్మడానికి లైసెన్స్ అక్కర్లేదని ఆ రూల్స్ మినహాయింపు ఇచ్చాయి. దశాబ్దాల పాటు ఆ జాబితాలో దగ్గు సిరప్ కూడా ఉంటూ వచ్చింది. వెయ్యి మందికి మించని ఊళ్లంటే ఏవి? మన గూడేలు, పెంటలు, తండాలు. మందు దొరకాలన్న ఉద్దేశంతోనే ఆ మినహాయింపు పెట్టి ఉండొచ్చు. కానీ ఫలితం చూడండి. పట్నంలో మందు అమ్మాలంటే లైసెన్స్, ఫార్మసిస్టు, ఫ్రిజ్, రిజిస్టర్ అన్నీ కావాలి. మన దగ్గరికొచ్చేసరికి ఏమీ అక్కర్లేదు. దూరంగా ఉన్నవాడికి తక్కువ రక్షణ చాలు అన్నట్టు ఉంది.

దగ్గు సిరప్ అంటే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. విషం కలిసిన సిరప్ తాగి కిడ్నీలు చెడి 20 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. అక్కడ తప్పు తయారీలో మొదలైంది, చీటీ రాసింది డాక్టర్లే. కాబట్టి దాన్ని షాపువాడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కానీ ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సలహా మనకు ముఖ్యం. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు అసలు ఇవ్వొద్దు, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా అవసరం లేదు అని చెప్పింది. ఈ మాట మన సంతలో సిరప్ అమ్మే మనిషికి ఎవరు చెప్పారు? ఏ భాషలో చెప్పారు?

మన కొండల మీద "చిన్న జబ్బు" అంటే ఏది

ఇక్కడే అసలు విషయం ఉంది. చిన్న జబ్బుల జాబితా టొరంటోలో రాసినా, ఢిల్లీలో రాసినా, అమరావతిలోనో హైదరాబాద్‌లోనో రాసినా మన ఏజెన్సీకి అలాగే అతకదు. అక్కడ చిన్నది ఇక్కడ చిన్నది కాకపోవచ్చు.

జ్వరమే తీసుకోండి. పట్నంలో ఒకరోజు జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని పడుకోమంటే తప్పు లేదు. మన దగ్గర అది ఫాల్సిపారం మలేరియా కావచ్చు. ఒకటి రెండు రోజుల్లో మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. శిక్షణ ఉన్న చెయ్యి ముందు వేలి మీద సూదితో గుచ్చి, కిట్‌తో పరీక్ష చేస్తుంది, ఆ తర్వాతే మాత్ర. అదే జ్వరం డెంగీ అయితే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. మన దగ్గర జ్వరానికి మొదట పొడిచే సూది ఏదో మీకు తెలుసు కదా.

మలేరియా అని తేలినా పని అయిపోదు. ప్రైమాక్విన్ అనే మాత్ర గర్భిణికి ఇవ్వకూడదు, నెలల పసిబిడ్డకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా పుట్టినవాళ్లకు అది వేస్తే రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లగా వస్తుంది. ఈ లోపం మన ఆదివాసీ తెగల్లో కొన్నింటిలో ఎక్కువగా కనిపిస్తుంది. "మూత్రం రంగు మారితే మాత్ర ఆపి వెంటనే రా" అని చెప్పడం మాత్ర ఇచ్చినంత ముఖ్యం.

ఒళ్లు నొప్పులు తీసుకోండి. కూలికి పోయొచ్చిన మనిషికి నొప్పి మాత్ర ఇస్తే పోయిందేముంది అనుకుంటాం. ఆ మనిషికి సికిల్ సెల్ ఉంటే? నొప్పి ముదిరి, ఛాతీలోకి దిగి, ఊపిరి అందని స్థితి రావచ్చు. సికిల్ సెల్ ఉన్న పిల్లాడికి జ్వరమొస్తే అది అదే రోజు ఆసుపత్రికి చేర్చాల్సిన జ్వరం. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి, ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది. మనోళ్లకు కార్డులు కూడా ఇస్తున్నారు. బాగుంది. కానీ మందులిచ్చే మనిషి "నీ సికిల్ సెల్ కార్డు ఏది?" అని అడగకపోతే ఆ కార్డు ట్రంకు పెట్టెలోనే ఉంటుంది.

పిల్లల దగ్గు తీసుకోండి. జలుబుకీ నెమ్ముకీ తేడా తెలియడానికి ఎక్స్‌రే అక్కర్లేదు. గడియారం చాలు. పిల్లాడి చొక్కా ఎత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 దాటినా, ఏడాది లోపు బిడ్డకు 50 దాటినా, ఐదేళ్ల లోపు బిడ్డకు 40 దాటినా ప్రమాదం. డొక్కలు ఎగరేస్తుంటే ఇక ఆలోచించేది లేదు, బండి పిలవాలి. ఇదంతా నేర్పొచ్చు. నేర్చుకున్న మనిషికి రెండు నిమిషాల పని. నేర్పకపోతే అదే రెండు నిమిషాల్లో ఒక సిరప్ సీసా చేతులు మారుతుంది.

పెద్దవాళ్ల దగ్గు కూడా అంతే. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి. సిరప్ తర్వాత సిరప్ మార్చుకుంటూ పోతే ఆ ఇంట్లో టీబీ ఇంకో ఇద్దరికి పాకుతుంది. కొన్ని యాంటీబయాటిక్‌లు టీబీని పైపైన అణచి, అసలు జబ్బు బయటపడకుండా నెలలు ఆలస్యం చేస్తాయి.

విరేచనాలకు ఓఆర్‌ఎస్, పిల్లలకైతే 14 రోజులు జింక్. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., అంతకంటే చిన్న బిడ్డకు 10. మలంలో రక్తం లేకపోతే చాలావరకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఇంత చౌకైన మందు ఇంకోటి లేదు. అందుకే అమ్మేవాడికి లాభం లేదు. అందుకే మనకు సెలైన్ సీసా వేలాడుతుంది.

చివరగా దురద. గజ్జికి ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి, బట్టలు ఉడకబెట్టాలి. తామరకు వేరే మందు. కానీ షాపులో రెండింటికీ ఒకటే ట్యూబు చేతిలో పెడతారు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు చల్లగా ఉంటుంది, ఆ తర్వాత తామర నడుము చుట్టూ పాకుతుంది. హాస్టల్‌లో చదివిన ప్రతి తమ్ముడికీ చెల్లికీ ఈ ట్యూబు సంగతి తెలుసు.

ఇవన్నీ చెప్పింది భయపెట్టడానికి కాదు. శిక్షణ అంటే ఏమిటో తేలడానికి. మందుల పేర్లు బట్టీ పట్టడం అందులో చిన్న భాగం. ఏ మనిషికి మందు ఇవ్వకూడదో, ఏ మనిషిని ఆ క్షణమే పైకి పంపాలో గుర్తుపట్టడం పెద్ద భాగం.

మన పక్కనే ఉన్న రుజువులు

"చదువు లేనోళ్లకు ఇవన్నీ ఎలా వస్తాయి" అనేవాళ్లు ఉన్నారు. మనకు జవాబు చాలా దూరంలో లేదు. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. గోండు పల్లెలున్న ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ పెట్టిన 'సెర్చ్' సంస్థ, ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చింది. వాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. ఊపిరి లెక్కపెట్టడం, బరువు తూచడం, చీము పట్టిన పసిబిడ్డను గుర్తించడం, అవసరమైతే యాంటీబయాటిక్ సూది వేయడం నేర్పారు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్లలో పురిటి బిడ్డల మరణాలు మూడో ఏడాదికి 62 శాతం తగ్గాయి. ఆ ఆడవాళ్లకు ఇచ్చిన పని చిన్నది, గీత స్పష్టం, పైన చూసే మనిషి ఉన్నాడు, రాసుకునే పుస్తకం ఉంది.

రెండో రుజువు ఛత్తీస్‌గఢ్. డాక్టర్లు అడవి ప్రాంతాలకు రావడం లేదని ఆ రాష్ట్రం 2001లో మూడేళ్ల కోర్సు మొదలుపెట్టింది. డాక్టర్ల సంఘాలు వ్యతిరేకించాయి, కోర్సు ఆగిపోయింది. కానీ అప్పటికే చదివినవాళ్లను రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీల్లో వేశారు. తర్వాత పరిశోధకులు వెళ్లి, పీహెచ్‌సీల్లో రోగులను చూస్తున్న అందరి సామర్థ్యాన్నీ పోల్చారు. మామూలు జబ్బుల విషయంలో ఈ మూడేళ్ల చదువువాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్లతో సమానంగా నిలబడ్డారు. అందరికంటే వెనకబడింది ఎవరో తెలుసా? డాక్టర్ లేని చోట, ఆ పనికి శిక్షణ లేకుండానే ఓపీ చూస్తున్న ఫార్మసిస్టులు, నర్సుల లాంటి పారామెడికల్ సిబ్బంది. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు నేర్పని పని వాళ్ల మీద వేశారు.

మూడో రుజువు పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా. అక్కడ మన ఆర్‌ఎంపీల లాంటివాళ్లకు తొమ్మిది నెలలపాటు 150 గంటల శిక్షణ ఇచ్చారు. 2016లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. సరైన వైద్యం చేయడం కొంత మెరుగుపడింది. అయితే అనవసరమైన మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం మాత్రం తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడ పనికొస్తుంది. మందు అమ్మితేనే పొయ్యి వెలిగే మనిషికి "మందు అక్కర్లేదు" అని చెప్పడం నేర్పినా చెప్పడు. అతను చెడ్డవాడని కాదు. ఆ మాట అతనికి ఆ పూట నష్టం. కాబట్టి శిక్షణ ఒక్కటే చాలదు. జీతం ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా శిక్షణ అంత ముఖ్యం.

రెండు వాదనలకు జవాబు

మొదటి వాదన డాక్టర్ల సంఘాలది. డాక్టర్ తప్ప ఎవరూ మందు రాయకూడదంటారు. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 2019లో 32వ సెక్షన్ కింద కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్స్ ఇవ్వొచ్చని రాసినప్పుడు దేశమంతా ఆందోళన చేశారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. సగం చదువు ప్రమాదమే. కానీ అన్నా, మీరు రాని చోట సగం చదువు కూడా లేనివాళ్లు ఇప్పటికే సూది పట్టుకుని తిరుగుతున్నారు. ఏజెన్సీలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ, మూడు వేల మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్కే. ఆ లెక్క నిండి, డాక్టర్ కుర్చీలో కూర్చుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారిలో ఈ వాదన నిలబడదు.

రెండో వాదన మన మధ్య నుంచే వస్తుంది. "ఏదో ఒకటి దొరుకుతోంది కదా, దాన్ని కూడా ఎందుకు చెడగొట్టడం? రూల్స్ పెడితే ఆర్‌ఎంపీ కూడా రాడు" అంటారు. ఈ మాట అనేవాళ్లను కోప్పడలేం. అర్ధరాత్రి తలుపు తట్టితే వచ్చేది ఆయనే. కానీ "ఏదో ఒకటి" అన్న మాటతోనే మనకు డెబ్భై ఏళ్లుగా అన్నీ వచ్చాయి. ఏదో ఒక బడి, ఏదో ఒక రోడ్డు, ఏదో ఒక వైద్యం. పట్నం పిల్లాడికి ఇవ్వని మందు మన పిల్లాడికి ఎందుకు ఇవ్వాలి? అందుబాటు అడగడం ఎంత హక్కో, నాణ్యత అడగడం కూడా అంతే హక్కు.

రేపు ప్రభుత్వమే "డాక్టర్లు దొరకడం లేదు, ఏజెన్సీలో ఫార్మసిస్టులకో ఇంకొకరికో మందు రాసే అధికారం ఇస్తున్నాం" అని జీవో తెస్తే మనం చప్పట్లు కొట్టకూడదు, రాళ్లూ వేయకూడదు. మొదట శిక్షణ కాగితం చూపించమనాలి. శిక్షణ తర్వాతే అధికారం. ఆ వరస తిరగబడితే మన గూడేలు ప్రయోగశాలలవుతాయి.

మనం అడగాల్సినవి

ఒకటి. ఫార్మసిస్టు అయినా, సబ్ సెంటర్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ అయినా, ఆశా అయినా, చిన్న జబ్బులకు మందిచ్చే ప్రతి మనిషికీ ఆ పని కోసమే ఇచ్చిన శిక్షణ, పరీక్ష ఉండాలి. పరీక్ష కాగితం మీద కాకుండా రోగి ముందు జరగాలి. కొన్నేళ్లకోసారి మళ్లీ జరగాలి.

రెండు. జబ్బుల జాబితా ఏజెన్సీ కోసం విడిగా రాయాలి. అందులో "ఇక్కడ మందివ్వొద్దు, పైకి పంపు" అన్న గుర్తులు ముందు రాయాలి, మందుల పేర్లు తర్వాత. ఆ జాబితాను గ్రామసభల ముందు పెట్టాలి. మన దిసారులను, వడ్డెలను, మంత్రసానులను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. మొదట వాళ్ల దగ్గరికే పోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రోగిని పైకి పంపే గుర్తులు వాళ్లకూ తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి.

మూడు. శిక్షణలో మలేరియా కిట్, ఊపిరి లెక్క, బరువును బట్టి డోసు, గర్భం ఉందా అని అడగడం, సికిల్ సెల్ కార్డు చూడటం తప్పనిసరి కావాలి. కనీసం మూడు నెలలు ఏజెన్సీ పీహెచ్‌సీలోనో ఏరియా ఆసుపత్రిలోనో రోగుల మధ్య పని చేయాలి.

నాలుగు. భాష. కోయ, గోండి, కువి, సవర, కొలామి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అవ్వకు "రోజుకు రెండు, తిన్న తర్వాత" అని ఆమె మాటలో చెప్పడం రావాలి. మందు కవరు మీద పొద్దు, రాత్రి బొమ్మలు ఉండాలి. పేరు కనపడని కాగితపు పొట్లాలు ఆపాలి.

ఐదు. జీతం ప్రభుత్వం ఇవ్వాలి, మందు ఉచితంగా ఇవ్వాలి. అమ్మకానికీ వైద్యానికీ ముడి తెంపాలి.

ఆరు. వెనక డాక్టర్ ఉండాలి. ఈ-సంజీవని ఫోన్ వైద్యం ఉందంటున్నారు, సిగ్నల్ లేని గూడెంలో అది అలంకారమే. టవర్, అంబులెన్స్, రాసిచ్చిన చీటీ, ఈ మూడూ లేకుండా "పైకి పంపు" అన్న మాటకు అర్థం లేదు.

ఏడు. ఈ పోస్టులు మన ఆదివాసీ యువతకే రావాలి. టీచర్ పోస్టుల విషయంలో జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసిన దెబ్బ మనకు ఇంకా మానలేదు. స్థానికుల హక్కుకు గట్టి చట్టం కావాలన్న మన పోరాటంలో ఆరోగ్య పోస్టులు కూడా ఉండాలి. ఐటీడీఏలు డీ.ఫార్మసీ, నర్సింగ్ చదివే మన పిల్లలకు ఈ శిక్షణ పొడిగింపుగా, స్టైపెండ్‌తో ఇవ్వాలి. మనూరి పిల్ల మనూరి సబ్ సెంటర్‌లో ఉంటే సాయంత్రం ఐదింటికి జీపెక్కి వెళ్లిపోదు.

ఎనిమిది. ఆర్‌ఎంపీలను రాత్రికి రాత్రి తరిమేస్తే జనం ఒంటరవుతారు. కోరుకున్నవాళ్లకు ఇదే శిక్షణ, ఇదే పరీక్ష పెట్టాలి. పాసైతే గీత లోపల పని చేయాలి. స్టెరాయిడ్‌లు, అవసరం లేని సెలైన్‌లు, గర్భం తీసే మాత్రలు ఎవరు ఇచ్చినా కేసు పెట్టాలి.

అప్పటిదాకా మన పని

జీవో వచ్చేదాకా ఆగక్కర్లేదు. సంఘం ఉన్న ప్రతి ఊళ్లో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ముందుకొచ్చి ఊపిరి లెక్కపెట్టడం, ఓఆర్‌ఎస్ కలపడం, ప్రమాద గుర్తులు చెప్పడం పీహెచ్‌సీ సిస్టర్ దగ్గర నేర్చుకోండి. మందు మీరు ఇవ్వకండి. ఇచ్చే మనిషిని అడగడం నేర్పండి. ఇది ఏం మందు? ఎన్ని రోజులు? ఇది వేసుకున్నాక ఏమైతే వెనక్కి రావాలి? ఈ మూడు ప్రశ్నలు మన అమ్మలు, నాన్నలు అడగడం మొదలుపెడితే సంతలో పొట్లాలు కట్టే చెయ్యి కొంచెం ఆగుతుంది.

డీ.ఫార్మసీ, బీ.ఫార్మసీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఒక మాట. సర్టిఫికెట్ అద్దెకిచ్చి నెలకు నాలుగు వేలు తెచ్చుకునే దారి మీకు ఎవరో ఒకరు చూపిస్తారు. మీ సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటే, కౌంటర్‌లో ఏమీ చదవని కుర్రోడు మన అక్క బిడ్డకు మందు ఇస్తుంటాడు. ఆ దారి పట్టకండి. మీరు కౌంటర్ వెనక నిలబడండి, కోయలో మాట్లాడండి, సికిల్ సెల్ కార్డు అడగండి. ఈ ఉద్యమానికి మీ అవసరం ధర్నాలో ఎంత ఉందో అక్కడ కూడా అంత ఉంది.

వచ్చే గ్రామసభ ఎజెండాలో ఒక అంశం రాయించండి: "మన ఊళ్లో మందు ఎవరు ఇస్తున్నారు, వాళ్లకు ఏ శిక్షణ ఉంది?" తీర్మానం చేసి, ఒక కాపీ మెడికల్ ఆఫీసర్‌కు, ఒక కాపీ ఐటీడీఏ పీవోకు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ రసీదు ఫొటో మన పేజీకి పంపండి. ఎన్ని ఊళ్ల నుంచి వస్తాయో చూద్దాం. ఆ కాగితాలన్నీ పట్టుకుని కలెక్టర్ దగ్గరికి కలిసి వెళ్దాం.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్‌తో పాటు ఆరోగ్యం కూడా మన హక్కే.